రాజీనామా రాయకండి: ప్రైవేటు కొలువులో జీతంతో కాన్పు సెలవు తీసుకునే తీరు

కడుపుతో ఉన్న సంగతి పనిచేసే చోట తెలిశాక మేనేజరో, సేటు భార్యో పక్కకు పిలిచి ప్రేమగానే ఒక మాట అంటారు. "ఇప్పుడైతే ఒక రాజీనామా కాగితం రాసియ్యి బిడ్డా. కాన్పు అయినంక మళ్ల రా, నీ పని నీకుంటది." అమ్మాయి నమ్ముతుంది, సంతకం పెట్టి తల్లిగారింటికి పోతుంది.

దయచేసి ఆ కాగితం రాయకండి. ఆ సంతకంతో ఆరు నెలల జీతం పోతుంది. ప్రసూతి సెలవులో ఉన్న మనిషిని పనిలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. కడుపుతో ఉండగా యజమాని తీసేసినా, అర్హత ఉన్న మనిషికి ప్రసూతి సొమ్ము ఇచ్చి తీరాలి. అదే మీ అంతట మీరు మానేస్తున్నానని రాసిస్తే యజమాని మీద ఏ భారమూ ఉండదు. వాళ్లు రాజీనామా అడిగేది అందుకే. "నేను ఉద్యోగం మానడం లేదు సార్, సెలవు తీసుకుంటున్నా" అని చెప్పండి. అంతకు మించి ఆ రోజు ఏమీ మాట్లాడక్కర్లేదు. ఆలోచించుకొని రేపు చెప్తానని వచ్చేసినా తప్పు లేదు.

నేను హన్మకొండలో జీతాల లెక్కలు రాసే పని చేస్తాను. బట్టల షాపులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, చిన్న స్కూళ్ల జీతాల పట్టికలు నా చేతి మీదుగా పోతాయి. ఎవరికి ఎంత కట్ అవుతుందో, ఎవరి పేరు ఏ నెలలో పట్టికలోంచి మాయమవుతుందో నాకు కనిపిస్తుంది. అలా మాయమయ్యే పేర్లు ఎక్కువగా పాతికేళ్ల చుట్టూ ఉన్న ఆడపిల్లలవే. నాకు తెలిసింది వాళ్లకు ముందే తెలిస్తే బాగుండని ఇది రాస్తున్నాను. నక్కలగుట్టలో చీరలు చూపించే చెల్లెకు, కాజీపేటలో ఎల్‌కేజీ పిల్లలకు పాఠం చెప్పే టీచరుకు, గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కులో మిషన్ మీద కూర్చునే అమ్మాయికి పనికొస్తుంది. బీడీలు చుట్టే అక్కల లెక్క వేరు, అది ఇక్కడ కలపడం లేదు.

మొదట తేల్చుకోవాల్సింది

మీకు డబ్బు ఇవ్వాల్సింది ఎవరు? ఈఎస్‌ఐ (జీతంలోంచి చందా కట్టించుకునే ప్రభుత్వ కార్మిక బీమా) ఇవ్వాలా, యజమాని ఇవ్వాలా? ఇది తేలకుండా ఎంత తిరిగినా లాభం లేదు.

పే స్లిప్ చూడండి. నెల జీతం 21,000 లోపు ఉండి, సంస్థ ఈఎస్‌ఐ కింద ఉంటే మీ జీతంలో 0.75 శాతం కట్ అవుతుంది. 14,000 జీతమైతే మీ వాటా 105 రూపాయలు. యజమాని తన వైపు నుంచి 3.25 శాతం, అంటే 455 రూపాయలు కలిపి కట్టాలి. అలా కడుతుంటే కాన్పు సెలవు డబ్బు ఈఎస్‌ఐ నుంచే వస్తుంది, 26 వారాలు, సగటు రోజు వేతనం పూర్తిగా. స్లిప్‌లో కట్ అయినట్టు చూపించి అక్కడ కట్టని వాళ్లూ ఉంటారు. కాబట్టి మీ ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్‌ఐ పోర్టల్‌లో లాగిన్ అయి మీ పేరు మీద ఏ నెల ఎన్ని రోజులు జమ అయ్యాయో చూసుకోండి. ఫోన్‌లో రాకపోతే మీసేవకో, నెట్ సెంటరుకో పోయి చూపించుకోండి.

ఈఎస్‌ఐలో తికమక పెట్టేది 70 రోజుల నియమం. కాన్పు జులై నుంచి డిసెంబరు మధ్య ఉంటే, కిందటి ఏడాది ఏప్రిల్ నుంచి ఈ ఏడాది మార్చి దాకా ఉన్న పన్నెండు నెలల్లో కనీసం 70 రోజుల చందా ఉండాలి. కాన్పు జనవరి నుంచి జూన్ మధ్య ఉంటే, కిందటి సెప్టెంబరుతో ముగిసిన పన్నెండు నెలలు చూస్తారు. ఉదాహరణకు 2026 ఆగస్టులో కాన్పు అనుకుందాం. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు చూడాలి. 2026 ఏప్రిల్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఆగస్టు దాకా రోజూ పనికొచ్చినా ఆ రోజులు ఈ లెక్కలోకి రావు. ఉద్యోగం మారాలనుకునే వాళ్లు, పిల్లల గురించి ఆలోచిస్తున్న వాళ్లు ఈ క్యాలెండర్‌ను ముందే గోడ మీద రాసి పెట్టుకోవాలని నేను చెబుతాను.

ఈఎస్‌ఐ లేకపోతే, లేదా జీతం 21,000 దాటితే, ఇవ్వాల్సింది యజమానే. పది మంది, అంతకు మించి పనిచేసే షాపు, స్కూలు, ఆఫీసు అన్నింటికీ ఇది వర్తిస్తుంది. పది మంది అంటే ఆడవాళ్లు మాత్రమే కాదు, వాచ్‌మన్, ప్యూన్‌తో కలిపి. మీరు కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. జీతంతో కూడిన పండుగ సెలవులు కూడా ఈ 80లో కలుస్తాయి. "ఏడాది నిండలేదు, నీకు రాదు" అని ఎవరైనా అంటే అది నిజం కాదు.

టీచర్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. మా దగ్గర కొన్ని స్కూళ్లు ఏప్రిల్‌లో టీచర్లను ఆపేసి జూన్‌లో మళ్లీ తీసుకుంటాయి, పది నెలల జీతమే ఇస్తాయి. అయినా సరే, ఆ పది నెలల్లో 80 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. కాంట్రాక్టు ముగిసింది కాబట్టి సెలవు డబ్బు కూడా అక్కడితో ఆగిందని వాదిస్తే, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉంది. డాక్టర్ కవితా యాదవ్ కేసులో, కాంట్రాక్టు గడువు దాటినా ప్రసూతి ప్రయోజనం పూర్తి కాలానికి ఇవ్వాలని కోర్టు చెప్పింది. రోజు కూలీ మీద పనిచేసే వాళ్లకూ ఈ హక్కు ఉందని అదే కోర్టు 2000 సంవత్సరంలోనే, ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కార్మికురాళ్ల కేసులో తేల్చింది. పర్మనెంట్ వాళ్లకే అన్న మాటకు ఇరవై ఐదేళ్ల కిందే జవాబు వచ్చేసింది.

పని చేస్తున్నట్టు రుజువు

అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది ఇక్కడే. చాలామందికి అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం పది మంది పైన ఉన్న సంస్థ ఆ లెటర్ ఇచ్చి తీరాలి. ఇంకా ఇవ్వకపోతే అడగండి. కానీ అడిగి ఊరుకోకండి. గర్భం సంగతి చెప్పడానికి ముందే, రెండో నెలలోనో మూడో నెలలోనో ఇవన్నీ చేసి పెట్టుకోండి.

జీతం బ్యాంకులో పడితే పాస్‌బుక్ ప్రింట్ తీయించండి. ఫోన్‌పేలో వేస్తే ఆ స్క్రీన్‌షాట్లు తేదీలతో సహా దాచండి. చేతికిస్తే, కవరు మీద రాసిచ్చిన అంకె ఫొటో తీసుకోండి. ఇకనుంచి బ్యాంకులో వేయమని అడగండి. ఐడీ కార్డు రెండు వైపులా ఫొటో. హాజరు రిజిస్టర్‌లో మీ సంతకం ఉన్న పేజీ ఫొటో. "రేపు పొద్దున తొమ్మిదికే రావాలి, స్టాక్ వస్తుంది" అని సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్ కూడా రుజువే. గ్రూపులోంచి మిమ్మల్ని తీసేయడానికి ముందే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కు పంపుకోండి. దసరాకు షాపులో అందరూ కలిసి దిగిన ఫొటో, స్కూల్ యానివర్సరీలో స్టేజీ మీద మీరు ఉన్న ఫొటో, పిల్లల ప్రోగ్రెస్ కార్డుల మీద క్లాస్ టీచరుగా మీ సంతకం, ఇవన్నీ పనికొస్తాయి. ఒక్క కాగితంతో రుజువు కాకపోయినా ఇరవై కలిస్తే ఎవరూ కాదనలేరు.

వీటిని మీ ఫోన్‌లో ఒక్కచోటే పెట్టకండి. అమ్మకో, చెల్లెకో ఒక కాపీ పంపి ఉంచండి. మీరు కాన్పు గదిలో ఉన్నప్పుడు ఎవరో ఒకరు మీ తరఫున మాట్లాడాల్సి రావచ్చు.

గర్భం ఖాయమైన వెంటనే బస్తీ దవాఖానలోనో, పీహెచ్‌సీలోనో పేరు రాయించుకొని ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) తీసుకోండి. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకునే వాళ్లు కూడా తీసుకోండి. మీ కాన్పు తేదీ ప్రభుత్వ కాగితం మీద ఉంటుంది. ఈఎస్‌ఐ ఉన్న వాళ్లు మొదటి నుంచీ ఈఎస్‌ఐ డిస్పెన్సరీలోనూ నమోదు చేయించుకుంటే తర్వాత సర్టిఫికెట్ కోసం పరుగెత్తే టెన్షన్ తగ్గుతుంది. డబ్బు కోసం క్లెయిమ్‌ను ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వచ్చు, ఆన్‌లైన్‌లోనూ పెట్టుకోవచ్చు.

నోటీసు ఎలా రాయాలి

యజమాని ఇవ్వాల్సిన కేసులో మీరు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. పెద్ద భాష అక్కర్లేదు. నేను రాసిపెట్టే నమూనా ఇది:

"మేనేజర్ గారికి. నేను మీ సంస్థలో ఫలానా తేదీ నుంచి సేల్స్ విభాగంలో పనిచేస్తున్నాను. నేను గర్భవతిని. డాక్టరు రాసిన కాన్పు తేదీ ఫలానా. ఫలానా తేదీ నుంచి ప్రసూతి సెలవు తీసుకుంటున్నాను. ఆ కాలంలో ఇంకెక్కడా పనిచేయను. ప్రసూతి ప్రయోజన చట్టం 1961, సామాజిక భద్రత కోడ్ 2020 ప్రకారం నాకు రావాల్సిన 26 వారాల సొమ్ము, మెడికల్ బోనస్ నా బ్యాంకు ఖాతాలో జమ చేయగలరు. నాకు వీలుకాని పక్షంలో మా అమ్మగారు ఫలానా వారికి ఇవ్వగలరు. సెలవు పూర్తి కాగానే డ్యూటీలో చేరతాను. డాక్టరు సర్టిఫికెట్, ఎంసీపీ కార్డు జిరాక్సు జతపరిచాను."

రెండు చట్టాల పేర్లు ఎందుకంటే, 1961 చట్టంలోని హక్కులే 2020 కోడ్‌లోకి వచ్చాయి, ఆ కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఏది చెప్పినా ఇంకొకటి అడిగే మనుషులుంటారు, రెండూ రాస్తే గొడవ లేదు. "సెలవు పూర్తి కాగానే డ్యూటీలో చేరతాను" అన్న వాక్యం మాత్రం ఎట్టి పరిస్థితిలో వదలకండి. తర్వాత "ఆమే మానేసింది" అనడానికి వీలులేకుండా చేసేది అదే.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ, స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్ట్‌లో అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. అదే రోజు ఫొటో తీసి వాట్సాప్‌లో, మెయిల్‌లో కూడా పెట్టండి. నెలలు నిండకముందే కాన్పయి నోటీసు ఇవ్వలేకపోయిన వాళ్లు కాన్పు తర్వాత ఇవ్వచ్చు. ఆలస్యమైందని హక్కు పోదు.

మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. ఇద్దరున్న తర్వాత వచ్చే కాన్పుకు 12 వారాలు. 26లో కాన్పుకు ముందు ఎనిమిది వారాలకు మించి వాడుకోకూడదు. మిగతాదంతా తర్వాత.

లెక్క

సెలవుకు ముందు మూడు నెలల్లో మీరు పనిచేసిన రోజుల సగటు వేతనం తీస్తారు. రోజుకు 500 అనుకుందాం. 26 వారాలంటే 182 రోజులు, మొత్తం 91,000 రూపాయలు. ఇక్కడ ఆదివారాలు తీసేసి వారానికి ఆరు రోజులే లెక్క కట్టే వాళ్లున్నారు. అప్పుడు 78,000 అవుతుంది, పదమూడు వేలు పోతాయి. వారం అంటే ఆదివారంతో కలిపి ఏడు రోజులని సుప్రీంకోర్టు 1977లోనే బి. షా కేసులో చెప్పింది. కోయంబత్తూరు లేబర్ కోర్టు నుంచి వచ్చిన కేసు అది. ఒక తోట కార్మికురాలి ఆదివారాల కోసం అంత దూరం నడిచింది. ఆమె గెలిచింది మన జీతాల పట్టికలోకి కూడా రావాలి కదా.

కాన్పుకు ముందు కాలానికి రావాల్సింది డాక్టరు సర్టిఫికెట్ చూపగానే అడ్వాన్సుగా ఇవ్వాలి. మిగతాది బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి. నెలనెలా ఇస్తామంటే మీకు సమ్మతమైతేనే ఒప్పుకోండి. వైద్యం ఉచితంగా చేయించని యజమాని 3,500 మెడికల్ బోనస్ విడిగా ఇవ్వాలి.

పొద్దంతా నిలబడే పని

చీరల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో, బిల్లింగ్ కౌంటర్లలో పది గంటలు కాళ్ల మీద నిలబడతారు. ఎనిమిదో నెలలో పాదాలు వాచిపోయి చెప్పులు పట్టని అమ్మాయిలను చూశాను, చూసి ఊరుకోలేకపోయాను. చట్టంలో దీనికి స్పష్టంగా రాసి ఉంది. కాన్పుకు ఆరు వారాల ముందు కాలం మొదలయ్యే దానికి ఒక నెల ముందు నుంచే, ఎక్కువసేపు నిలబడే పని, బరువు పని చెప్పకూడదు. అంటే సుమారు పది వారాల ముందు నుంచి. ఆ చివరి ఆరు వారాల్లో సెలవు తీసుకోకుండా పనికొచ్చినా అంతే. కానీ మీరు అడగాలి. అడిగితేనే వర్తిస్తుంది. కాగితం మీద రెండు ముక్కలు రాసివ్వండి, "నాకు కూర్చుని చేసే పని ఇవ్వండి" అని. పని మార్చారని జీతం తగ్గించడం కుదరదు. కాన్పయ్యాక ఆరు వారాల పాటు మిమ్మల్ని పనికి పిలవడమే తప్పు.

నిలవని గర్భాల సంగతి

ఇది ఎవరూ అడగరు, అందుకే ఎవరూ చెప్పరు. గర్భం పోయినా, డాక్టరు దగ్గర చట్టప్రకారం తీయించుకున్నా, మరుసటి రోజు నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు ఉంది. ఈఎస్‌ఐలోనూ ఉంది. సోమవారం రక్తస్రావమై గురువారం కౌంటర్‌లో నిలబడ్డ పిల్లలున్నారు మన దగ్గర. "జ్వరం" అని చెప్పి రెండు రోజుల జీతం పోగొట్టుకుంటారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దవాఖాన కాగితం రుజువుగా చూపాలి, అయితే దాన్ని గ్రూపులో పెట్టక్కర్లేదు. కవరులో పెట్టి యజమానికో, జీతాలు చూసే మనిషికో నేరుగా ఇవ్వండి, గోప్యంగా ఉంచమని కవరు మీదే రాయండి. అబార్షన్ చేసిన డాక్టరు కూడా మీ వివరాలు బయటపెట్టకూడదని చట్టం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలు, భర్త సంతకం కావాలని చట్టం ఎక్కడా అడగదు.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటే రెండు వారాలు. ఈఎస్‌ఐ ఉన్న మగవాళ్లు వేసెక్టమీ చేయించుకుంటే వాళ్లకూ పూర్తి వేతనంతో ఏడు రోజులు ఇస్తారు. ఇంట్లో ఈ సంగతి చెప్పండి, ఎప్పుడూ ఆడదాని కడుపే కోయాలని ఏమీ లేదు.

గర్భం వల్ల, కాన్పు వల్ల, నెలలు నిండని బిడ్డ పుట్టడం వల్ల జబ్బు చేస్తే ఇంకో నెల జీతంతో సెలవు అదనంగా ఉంటుంది. మన రాష్ట్రంలో ఇది ముఖ్యం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, కరీంనగర్ జిల్లాలో 80 శాతం దాటాయి. కుట్లు చీము పట్టి మళ్లీ దవాఖానకు పోయిన వాళ్లు ఆ చీటీలు పారేయకండి, ఆ నెల సెలవుకు అవే ఆధారం.

తిరిగి చేరినప్పుడు

చేరే రోజున కూడా ఒక కాగితం ఇచ్చి సంతకం తీసుకోండి. మీ పాత జీతం, పాత హోదా అలాగే ఉండాలి. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేదాకా మామూలు విరామం కాకుండా రోజుకు రెండు సార్లు పాలిచ్చే విరామం ఉంటుంది. 50 మంది పైన ఉన్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి, రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. క్రెష్ కోసం ఒక్కరే అడిగితే పక్కన పెడతారు. నలుగురైదుగురు తల్లులు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి ఇవ్వండి.

భవన నిర్మాణ పనికి పోయే అక్కలకు యజమాని అంటూ ఒకరుండరు. వాళ్లు లేబర్ ఆఫీసులో నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు చేయించుకుంటే రెండు కాన్పుల దాకా కాన్పుకు 30,000 వస్తుంది. కార్డు గడువు తీరకుండా రెన్యూవల్ చేయించుకోవాలి.

వాళ్లు ఇవ్వం అంటే

పై కాగితాలన్నీ పట్టుకొని లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, రసీదు తీసుకోండి. తీసేసినా, డబ్బు ఆపినా, తక్కువ ఇచ్చినా ఇదే దారి. ఈఎస్‌ఐ కట్ చేసి కట్టని కేసైతే ఈఎస్‌ఐ ఆఫీసుకే రాయండి. ఫిర్యాదులో ఏడుపు రాయకండి, తేదీలు రాయండి. ఎప్పుడు చేరారు, ఎప్పుడు నోటీసు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, కాన్పు ఎప్పుడు, ఎంత రావాలి.

వకీలు ఫీజు భయపెడుతుంది, తెలుసు. కానీ 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. మొదటిసారి వెళ్లేటప్పుడు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, నోటీసు కాపీ, ఎంసీపీ కార్డు, బిడ్డ జనన ధ్రువపత్రం, అన్నీ రెండేసి జిరాక్సులు తీసుకెళ్లండి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి, చూపించి వెనక్కి తీసుకోండి.